పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి అమ్మాలంటే వేలమా, డీలరా, నేరుగా బేరమా?

నట్టూ బోల్టూ విప్పి, చాసిస్ (బండి అడుగు చట్రం) దాకా గీకి, మళ్లీ బిగించిన పాత బండిని అమ్మడం మామూలు సెకండ్ హ్యాండ్ బేరం కాదు. దాన్ని ఎలా బాగుచేశారన్నదాన్ని బట్టే ఎక్కడ అమ్మాలో తేలుతుంది.

1941–45 నాటి విల్లీస్ ఎంబీ జీపు, 1948లో మొదలైన ల్యాండ్ రోవర్ తొలి సిరీస్ లాంటివి పుట్టిననాటి రూపంలోనే ఉండి, చాసిస్, ఇంజిన్ నంబర్లు పాత రికార్డులతో సరిపోలితే వేలానికే నా ఓటు. అలాంటి బండి కోసం ఏళ్లుగా కాచుకున్నవాళ్లు ఇద్దరు ఎదురుపడితే చాలు, మీరు అడగడానికి జంకే ధర వాళ్లే పాడతారు. ఆ రోజు ఒక్కడే వస్తే మాత్రం చవగ్గా పోతుంది. అందుకే రిజర్వు ధర, అంటే అంతకు తగ్గితే అమ్మని కనీస ధర, లేని వేలానికి ఒప్పుకోవద్దు. చాలా చోట్ల అమ్మినవాళ్ల దగ్గరే కాదు, కొన్నవాళ్ల దగ్గరా కమీషన్ తీసుకుంటారు. కొనేవాళ్లు దాన్ని ముందే తగ్గించుకుని పాట పాడతారు.

డీలరుకు అమ్మేస్తే పని త్వరగా అవుతుంది, ధర మాత్రం తగ్గుతుంది. అతను మళ్లీ లాభానికి అమ్ముకోవాలి కదా. డబ్బు అత్యవసరమైతే తప్ప నేను అటు వెళ్లను. కమీషన్ మీద అమ్మిపెట్టమని అప్పగిస్తే, బీమా ఎవరిదో, బండి ఎవరు నడపవచ్చో కాగితం మీద రాయించుకోండి.

పవర్ స్టీరింగ్, డిస్క్ బ్రేకులు, వేరే ఇంజిన్ వేయించి రోజూ నడిపేలా చేసిన బండికి నేరుగా బేరమే మేలు. వేలంలో ఆ మార్పులు లోపాల్లా కనిపిస్తాయి, నడుపుకునేవాడికి అవే వరాలు. కాకపోతే నమ్మకం కలిగించే పని మొత్తం మీదే. పాత ల్యాండ్ రోవర్‌కి పైన అల్యూమినియం మిశ్రమం రేకులు, కింద ఉక్కు చాసిస్. పైన నిగనిగలాడుతున్నా కింద తుప్పు తినేసి ఉండొచ్చని తెలిసినవాడు అనుమానపడతాడు. ఆ అనుమానం తీర్చేవి రంగు వేయకముందు తీసిన చాసిస్ ఫొటోలు, వెల్డింగ్ ఫొటోలు, విడిభాగాల బిల్లులు. అవి పోగొట్టుకుంటే మీ కష్టంలో సగం కనబడకుండా పోయినట్టే.

కొనేవాడు చూడటానికి వచ్చేముందు ఇంజిన్ వేడెక్కించి ఉంచకండి, చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో అతనే చూడాలి. ఫోర్‌వీల్ మట్టి మీదే వేసి చూపించండి. ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ లేని ఈ పాత బండ్లను ఆరిన తారురోడ్డు మీద అలా తిప్పితే గేర్లు, షాఫ్టులు ఒత్తిడికి బిగుసుకుంటాయి.