కాఫీ పిప్పి మొక్కలకు మంచిదేనా? చాలా కాలం వాడాక నా అభిప్రాయం

డికాక్షన్ తీశాక మిగిలే పిప్పిని ఏళ్ల తరబడి మొక్కలకు వాడుతున్నాను. కంపోస్టులో కలిపి వేస్తే చాలా మంచిది, నేరుగా కుండీలో కుమ్మరిస్తే మాత్రం ఇబ్బందే.

మట్టి మీద మందంగా పరిస్తే అది ఎండి పెచ్చు కడుతుంది. రేణువులు మరీ సన్నం కదా, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నీళ్లు పోస్తే కాసేపు పైనే నిలబడి తర్వాత కుండీ అంచుల వెంట జారిపోతాయి, అడుగున నీళ్లు కారుతున్నాయి కాబట్టి మొక్క తాగేసిందనుకుంటాం గానీ, ఆ పెచ్చు వేలితో లేపి చూస్తే కింద మట్టి పొడిపొడిగా ఉంటుంది. పైన వేయాలనుకుంటే పల్చగా చల్లి మట్టిలో కలిపేయండి.

పిప్పిలో నత్రజని సుమారు 2 శాతం ఉంటుంది, నిజమే. కానీ అది మొక్కకు వెంటనే అందదు. సూక్ష్మజీవులు ముందు పిప్పిని కుళ్లబెట్టాలి, ఆ పనిలో అవి మట్టిలో ఉన్న నత్రజనిని కూడా కొన్నాళ్లు తామే వాడేసుకుంటాయి. పచ్చి పిప్పి ఎక్కువైన కుండీల్లో ఎదుగుదల మందగించడం నేను చూశాను. నారు పోసే ట్రేలలో అసలు వేయొద్దు, మిగిలిన కెఫీన్ మొలకలను అణిచేస్తుంది.

మట్టికి ఆమ్ల గుణం వస్తుందని చాలామంది వేస్తుంటారు. ఆ ఆమ్లం చాలావరకు డికాక్షన్‌లోకే దిగిపోతుంది, పిప్పిలో మిగిలేది తక్కువ. నత్తలు రావన్న మాటా నా తోటలో నిలబడలేదు, అవి హాయిగా దాని మీదుగానే పాకుతూ పోయాయి!

కంపోస్టులో మాత్రం దీనికి తిరుగులేదు. మొత్తం కుప్పలో ఐదో వంతు మించకుండా, ఎండుటాకులు, కూరగాయల తొక్కలతో పొరలు పొరలుగా వేసి అప్పుడప్పుడు తిరగేస్తుంటాను. కొన్నాళ్లకు చేయి పెడితే లోపల వెచ్చగా తగులుతుంది, పిప్పి గడ్డల మీద తెల్లటి బూజు దారాలు కనిపిస్తాయి, అది చూసి కంగారు పడక్కర్లేదు, కుళ్లబెట్టే పని చేసేది అదే. కుప్ప చల్లబడ్డాక వానపాములు వచ్చి చేరతాయి. ఆ ఎరువు వేసిన మట్టి గుల్లగా ఉండి తేమ బాగా పట్టి ఉంచుతుంది. పేపర్ ఫిల్టర్ వాడేవాళ్లు దాన్ని కూడా చింపి వేసేయొచ్చు.

పిప్పిని తడిగా డబ్బాలో మూతపెట్టి ఉంచితే వాసనొస్తుంది, పళ్లెంలో ఆరబెట్టి దాచుకోండి. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందకుండా చూడండి, కెఫీన్ కుక్కలకు విషం.