దిండిలో రెండు రాత్రులు: ఇల్లు బాగుంది, గీజరు బాగాలేదు

డిసెంబరు 30, 31 రాత్రులు కోనసీమలోని దిండి అనే ఊరి దగ్గర ఒక హోమ్‌స్టేలో ఉన్నాం, పదకొండు మందిమి. దాని పేరు రాయడం లేదు. ఓనరు మంచాయన, నేను రాసేదాంట్లో సగం తిట్లే.

ముందు ఎందుకెళ్లామో చెప్పాలి, లేకపోతే నేనిచ్చే మార్కులు మీకు అర్థం కావు. రాజోలు పక్కన మా తాతగారి మండువా ఇల్లు మొన్న వేసవిలో అమ్మేశాం. పెంకులు జారిపోతున్నాయి, ఉండేవాళ్లు లేరు, అన్నయ్య హైదరాబాదులో, నేను విశాఖలో, అమ్మ అన్నయ్య దగ్గర. ఆ అమ్మకం గురించి మా ఇద్దరికీ నాలుగు నెలలు సరిగ్గా మాటల్లేవు, అది వేరే సంగతి. ఏటా సంక్రాంతికి అందరం ఆ ఇంటికే చేరేవాళ్లం. ఈసారి చేరడానికి ఇల్లు లేదు, పండగ మూడు రోజుల్లో కోనసీమలో గది అంటే అడిగే రేట్లు వింటే కళ్లు తిరిగాయి, పైగా అన్నయ్యకి డిసెంబరు దాటితే సెలవులు మురిగిపోతాయి. అందుకని ఏడాది చివరే వెళ్దాం అని వదిన తేల్చేసింది. ఫోటోల్లో మండువా కనిపించిందని బుక్ చేసింది కూడా తనే.

హైదరాబాదు వాళ్లు నరసాపురం రైలెక్కి పాలకొల్లులో దిగి, చించినాడ వంతెన దాటి వచ్చారు. మేం కారులో 216 హైవే మీద అమలాపురం నుంచి. మంచు పట్టి పొద్దున్న తొమ్మిదికి కూడా కొబ్బరిచెట్ల మొదళ్లే కనబడ్డాయి, తలలు లేవు. దారిపొడుగునా ఇళ్ల మీద క్రిస్మస్ స్టార్లు ఇంకా వేలాడుతున్నాయి, వాటి కిందే ఒకటి రెండు వాకిళ్లలో గొబ్బెమ్మలు.

ఇల్లు మాత్రం నిజంగా పాతదే, సెట్టింగు కాదు. నాలుగు వైపులా వసారా, మధ్యలో ఆకాశం, టేకు స్తంభాలు, వీధి అరుగు, ఉయ్యాల బల్ల. గదులకి ఏసీలు పెట్టి బాత్రూములు కొత్తగా కలిపారు. అమ్మ గుమ్మం దాటగానే తల వంచింది. ఆ గుమ్మం ఎత్తుగానే ఉంది, వంచక్కర్లేదు. మా ఇంటి గుమ్మం పొట్టిది.

రెండో గంటకల్లా అమ్మ వంటింట్లో ఉంది. గెస్టులు లోపలికి రాకూడదని బోర్డుంది. వంటావిడ మొదట మొహం చిట్లించింది, తర్వాత కంద బచ్చలికి ఆవ ఎప్పుడు కలపాలి అనే దాని మీద ఇద్దరికీ పెద్ద వాదన జరిగింది (దింపాకే కలపాలి, లేకపోతే చేదెక్కుతుంది, అమ్మ చెప్పిందే రైటు), ఆ తర్వాత మమ్మల్ని పట్టించుకునేవాళ్లు లేరు. ఆ కూరకీ రొయ్యల ఇగురుకీ పదికి పది. పొద్దున్న దిబ్బరొట్టె కూడా ముకుట్లో నిదానంగా కాల్చి, పైన నిప్పులు పెట్టి చేశారు, అంచు కరకర, లోపల దూది. మా ఆయన పులస ఉందా అని అడిగాడు. డిసెంబరులో! వరద నీటికి ఎదురీదొచ్చే చేపని మంచులో అడిగితే ఏం చెప్తారు, "ఆయ్, శ్రావణానికి రండి అల్లుడుగారూ" అని ఓనరు నవ్వేశాడు. దానికి బదులు తంపట వేసిన తేగలు తెచ్చిచ్చాడు. పిల్లలు ముందు పీచు అన్నారు, తర్వాత కొట్టుకున్నారు.

ఇప్పుడు తిట్లు. నాలుగు గదుల్లో రెండింటికి గీజరు పనిచేయలేదు. వచ్చిన రోజే చెప్పాం, "ఆయ్, ఇప్పుడే చేయించేస్తానండి" అన్నాడు, ఆ ఇప్పుడు మేం ఖాళీ చేసేదాకా రాలేదు. పెరట్లో కట్టెలపొయ్యి మీద కాగు పెట్టి వేణ్నీళ్లు బకెట్లతో మోయించాడు, పిల్లలకి అదో సరదా, నాకు మాత్రం గదికి రోజుకి 3,500 ఇచ్చి బకెట్ కోసం లైన్లో నిలబడటం సరదా అనిపించలేదు. రెండోది, 31 రాత్రి మనిషికి 900 చొప్పున స్పెషల్ డిన్నరు తప్పనిసరి అని వెళ్లాక చెప్పారు. బుకింగ్‌లో ఆ ముక్క లేదు. అన్నయ్య బేరమాడి పిల్లలకి సగం చేయించాడు. ఆ డిన్నరు నూడుల్స్, మంచూరియా! కోనసీమ నడిబొడ్డున! దానికి తోడు పెరట్లో సౌండు బాక్సులు. పదిన్నరకి అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంది, మన సంవత్సరం ఉగాదికి కదే అంటూ. పన్నెండింటికి బాక్సులు ఆపాక పక్క ఊరి చర్చిలో పాటలు వినిపించాయి. అవి బాగున్నాయి.

బోటు గురించి. గంట షికారుకి డబ్బు వేరే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచీ అమ్మ బోటు పేరెత్తనివ్వదు, అది పాపికొండల వైపు, ఇది ఇక్కడ నిదానంగా పారే గోదావరి పాయ వశిష్ఠ అని ఎంత చెప్పినా ఎక్కలేదు. లైఫ్ జాకెట్లు అడక్కుండానే ఇచ్చారు, బకిల్ ఊడిపోయింది ఒకటి ఉంది, మార్పించాం. మీరూ చూసుకోండి.

31 మధ్యాహ్నం అంతర్వేది వెళ్లాం. నరసింహస్వామి దర్శనం అరగంటలో అయిపోయింది. తర్వాత గోదావరి సముద్రంలో కలిసే చోటు, అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు, ఇటు నీళ్లు మట్టి రంగు, అటు వేరే రంగు. పేరు వినగానే పిల్లలు నన్నూ అన్నయ్యనీ చెరోవైపు నిలబెట్టి ఫోటో తీస్తామని గోల. నిలబడ్డాం. ఫోటో అయిపోయాక వాళ్లు గవ్వలేరడానికి పోయారు, మేమిద్దరం అక్కడే ఉన్నాం. ఇల్లు కొన్నవాళ్లు మండువా పడగొట్టేశారట, అన్నయ్యకి ముందే తెలుసు, అమ్మకి చెప్పలేదు. నాతోనూ అప్పుడే చెప్పాడు. నేనేమీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు ముందు సీట్లో వాడి పక్కన కూర్చున్నాను, వెళ్లేటప్పుడు వెనక కూర్చున్నా.

ఒకటో తారీఖు పొద్దున్న లేచేసరికి వాకిట్లో పెద్ద ముగ్గు. ధనుర్మాసం కదా, అమ్మ నాలుగింటికే లేచి, ఓనరు భార్యని లేపి పేడ, బియ్యప్పిండి అడిగి తీసుకుని వేసింది, గుమ్మడిపూలు పెట్టిన గొబ్బెమ్మలతో సహా. రాత్రి డీజేకి ఎగిరిన కుర్రాళ్లు బ్యాగులు పట్టుకుని దాన్ని తొక్కకుండా అరుగు మీంచి దిగి వెళ్తున్నారు. ఓనరు ఆ ముగ్గు ఫోటో తీసి బుకింగ్ పేజీలో పెట్టుకున్నాడు, డబ్బులేమీ తగ్గించలేదు.

మార్కులంటే, ఐదుకి లెక్కేస్తే ఇంటికి ఐదు, వంటకి ఐదు, 31 డిన్నరుకి సున్నా, గీజరుకి మైనస్సు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఉయ్యాల బల్ల ఎదురుగా ఉన్న గది అడగండి, దానికి మెట్లు లేవు, గీజరు కూడా పనిచేస్తుంది. వచ్చే డిసెంబరుకి ఆ గదికి అమ్మ తన పర్సులోంచే రెండు వేలు అడ్వాన్సు ఇచ్చేసింది, మాకెవరికీ చెప్పకుండా. రసీదు అడగలేదట.