ప్లేఫెయిర్ డిస్‌ప్లే బోల్డ్ ఇటాలిక్: ఆరేళ్లుగా శుభలేఖల్లో వాడుతున్నా

ఈ ఇంగ్లీషు ఫాంట్ మీద నా ఇష్టమంతా అండ్ గుర్తు (&) దగ్గరే మొదలైంది. రాజమండ్రిలో శుభలేఖలు డిజైన్ చేస్తుంటా, ఇంగ్లీషు పేజీలో అబ్బాయి పేరుకీ అమ్మాయి పేరుకీ మధ్య ఆ బోల్డ్ ఇటాలిక్ గుర్తు ఒక్కటి పెద్దగా పెడితే ఇంక పూలూ లతలూ అక్కర్లేదు, అంత నిండుగా ఉంటుంది. నిలువు అక్షరాన్ని పక్కకి వంచేసి ఇటాలిక్ అనే రకం కాదిది, విడిగా గీసింది, చిన్న ఏ (a) అయితే రూపమే మారిపోతుంది. కొందరు తెలుగు అక్షరాల్ని కూడా కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఐ (ఇటాలిక్) బటన్ నొక్కి వంచేస్తారు, తలకట్లన్నీ గాలికి ఒరిగినట్టు అయిపోతాయి, దయచేసి అలా చేయకండి.

బోల్డ్ కదా, ఏ పేపర్ మీదైనా నిలబడుతుంది అని చాలామందికి చెప్పా. ఆ మాట ఇప్పుడు కొంచెం మార్చుకోవాలి.

ఒక పార్టీ గరుకు హ్యాండ్‌మేడ్ పేపర్ మీద గోల్డ్ ఫాయిల్ (వేడి అచ్చుతో అద్దే బంగారు రేకు) అడిగారు, 500 కార్డులు. ప్రూఫ్ (నమూనా) మాత్రం నున్నటి ఆర్ట్ పేపర్ మీద తీసి చూపించా, అందరికీ నచ్చింది. తీరా ఫాయిల్ కొట్టాక చూస్తే లావు గీతలు ధగధగలాడుతున్నాయి గానీ వాటిని కలిపే సన్నగీతలు సగం చోట్ల పడనేలేదు. అమ్మాయి పేరులో రెండు ఎన్‌లు, అవి విడివిడి పుల్లల్లా నిలబడ్డాయి. వాళ్ల నాన్నగారు కోప్పడలేదు, "మా పిల్ల పేరు చదవడానికి రావట్లేదు బాబూ" అన్నారంతే, ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. పెళ్లి ఇంకా పదహారు రోజులే ఉంది, పేర్ల సైజు పెంచి, అక్షరాలకి సన్నటి అవుట్‌లైన్ ఇచ్చి, ఫాయిల్ కొట్టే అచ్చు (బ్లాక్) కొత్తది చేయించి, నున్నటి కార్డు మీద మళ్లీ కొట్టించా, ఖర్చు నేనే పెట్టుకున్నా.

ఫాంట్‌ది తప్పనలేను. దీన్ని గీసిన క్లౌస్ ఎగ్గర్స్ సోరెన్సెన్ మనసులో ఉన్నవి 18వ శతాబ్దపు ఇంగ్లీషు ముద్రాపకుడు బాస్కర్‌విల్ చేయించినలాంటి అక్షరాలు, ఈక కలాలు పోయి మొనదేలిన స్టీలు పాళీలు వస్తున్న కాలం, సన్నగీత వెంట్రుకంత ఉండటమే దీని అందం. బోల్డ్‌లో ముఖ్యంగా లావయ్యేది లావు గీతే, సన్నది సన్నగానే ఉంటుంది, ఇది నాకు ఆ రోజుదాకా తట్టలేదు.

అంకెలు కూడా చూసుకోండి. మామూలుగా టైప్ చేస్తే పాతకాలపు అంకెలు వస్తాయి, 0, 1, 2 పొట్టిగా, 3, 4, 5, 7, 9 కిందికి జారి. తారీఖుకి ముచ్చటగా ఉంటాయి, ఫోన్ నంబరుకి వద్దు, సున్నా చిన్న ఓ లాగే కనిపిస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్‌టైప్ (ఫాంట్‌లోని అదనపు రూపాలు) సెట్టింగుల్లో లైనింగ్ ఫిగర్స్, అంటే అన్నీ ఒకే ఎత్తుండే అంకెలు, పెట్టుకోండి.

నా పని ఎక్కువగా ఆఫ్‌సెట్, నున్నటి కార్డు కాబట్టి ఇప్పటికీ పేర్లకి ఇదే, 24 పాయింట్లకి తగ్గకుండా. స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లకీ, గుడ్డ సంచుల మీద వేసేవాళ్లకీ మాత్రం చెప్పలేను, కొట్టబోయే సరుకు మీదే ఒకటి వేసి చూసుకోవాలి. మొన్న ఒక కార్డులో అండ్ గుర్తు మూడంగుళాలు పెట్టా, దాన్ని షాపులో నా టేబుల్ ఎదురుగా గోడకి అంటించుకున్నా.