ఒక కంప్యూటర్, మూడు రిపాజిటరీలు: డెబియన్ ఆప్ట్‌తో నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మా డీటీపీ సెంటరులో నాలుగు కంప్యూటర్లున్నాయి. నాలుగింటిలోనూ విండోస్ బదులు డెబియన్ అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమే. వాటిలో సాఫ్ట్‌వేర్‌ను తెచ్చిపెట్టే ఆప్ట్ గురించి రాస్తున్నాను. ఒక్క రిపాజిటరీతో, అంటే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ఉంచే ఒక్క ఆన్‌లైన్ భండారంతో, సరిపెట్టుకునేవారికి చెప్పాల్సింది పెద్దగా లేదు, తన పని తాను చేసుకుపోతుంది. రెండో చోటి నుంచి ప్యాకేజీలు తెచ్చుకున్నప్పుడే దాని సత్తా తెలుస్తుంది.

మావి మూడు: డెబియన్ అసలుది, కొత్త వెర్షన్ల కోసం బ్యాక్‌పోర్ట్స్, ప్రింటరు డ్రైవరు కోసం బయటివారిది. నిరుడు మాఘమాసంలో పెళ్లిపత్రికల పని చేతినిండా ఉన్నప్పుడు, రాత్రి అప్‌డేట్ చేసి ఇంటికి వెళ్లాను. పొద్దున్నే నెల్లూరు పెద్దాయన ఒకరు వచ్చి, "అమ్మా, వియ్యంకుడి ఇంటిపేరులో దీర్ఘం పోయింది, ఒక్క అక్షరమే" అంటూ కూర్చున్నారు. పత్రికలు డిజైన్ చేసే ఇంక్‌స్కేప్ తెరుచుకోలేదు.

బయటి రిపాజిటరీలో డ్రైవరుతో పాటు, పీడీఎఫ్‌లను చదివే పాప్లర్ లైబ్రరీ కూడా ఉంది. మనం వేరుగా చెప్పకపోతే ఆప్ట్‌కు ఆ రిపాజిటరీ, డెబియన్ రెండూ ఒకటే. ఏ రిపాజిటరీ నుంచి తేవాలో ఆప్ట్ ప్రాధాన్యం అనే అంకెను చూసి తేల్చుకుంటుంది; రెండింటి ప్రాధాన్యం 500. సమానమైతే పెద్ద వెర్షన్‌దే గెలుపు. డ్రైవరు కోసం పిలిచినవారు, ఇంక్‌స్కేప్ ఆధారపడే మా పాప్లర్‌ను కూడా మార్చేశారు. బ్యాక్‌పోర్ట్స్ ఇలా చేయదు, ఎందుకంటే దాని ప్రాధాన్యం మొదటి నుంచీ 100 మాత్రమే.

నన్ను గట్టెక్కించింది 'ఆప్ట్ పాలసీ' అనే ఆదేశం. దాని పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే, దొరికే వెర్షన్లన్నీ వరుసగా వస్తాయి. ఒక్కొక్కదాని కింద అది ఎక్కడిదో, దాని ప్రాధాన్యం ఎంతో ఉంటుంది. ఇప్పుడు మన కంప్యూటర్లో ఉన్నదాని ముందు మూడు నక్షత్రాలు. ఆ నక్షత్రాలు బయటివారి వరుసలో కనిపించగానే దొంగ దొరికినట్టయింది. ఇంత సూటిగా జవాబు చెప్పే సాధనం ఉండటమే ఆప్ట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది.

ప్రాధాన్యాలను మనం మార్చుకునే ప్రిఫరెన్సెస్ ఫైల్లో మూడు వరుసలు రాసి బయటి రిపాజిటరీని 100కు దించాను. డ్రైవరు అక్కడ తప్ప ఎక్కడా లేదు కనుక దానికి అప్‌డేట్లు అక్కడి నుంచే వస్తాయి. డెబియన్‌లో ఉన్న ప్రతిదీ డెబియన్‌దే. అంతమాత్రాన పాత పాప్లర్ తిరిగి రాలేదు. వెర్షన్ కిందికి దిగాలంటే ప్రాధాన్యం కనీసం 1000 ఉండాలి. పాప్లర్ ఒక్కదానికి డెబియన్ తరఫున 1001 రాసి అప్‌గ్రేడ్ చేశాను. ఇంక్‌స్కేప్ తెరుచుకుంది, దీర్ఘం వచ్చింది, పెద్దాయన కాఫీ తాగి వెళ్లారు. ఆ 1001ని సాయంత్రమే చెరిపేశాను. అది అక్కడే ఉండిపోతే ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ చిక్కే.

లోపం చెప్పాలంటే, 'ఆరిజిన్' అనే మాట. ప్రిఫరెన్సెస్ ఫైల్లో ఒకచోట అది సర్వరు చిరునామా, మరోచోట రిపాజిటరీ తనకు పెట్టుకున్న పేరు. ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే నియమం పనిచేయదు, తప్పని చెప్పేవారూ ఉండరు. ఈ ముడి విప్పడానికి నాకు గంటన్నర పట్టింది. మార్చిన ప్రతిసారీ 'ఆప్ట్ పాలసీ'తో అంకెలు సరిచూసుకోవాల్సిందే.

ప్యాకేజీలు నిజంగా ఆ రిపాజిటరీవేనని సరిచూసే డిజిటల్ తాళంచెవుల విషయంలో మాత్రం ఏ ఫిర్యాదూ లేదు. 'సైన్డ్ బై' అని రాస్తే బయటివారి తాళంచెవి వారి రిపాజిటరీకే చెల్లుతుంది.

2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆప్ట్ 3.0 ఉంది. తొలగించబోయే ప్యాకేజీలు ఎర్రగా, చేర్చేవి ఆకుపచ్చగా, నిలువు వరుసల్లో వస్తాయి. దానికి మారే ముందు బయటి రిపాజిటరీ ఫైల్లో 'ఎనేబుల్డ్' పక్కన 'నో' అని రాసి ఆపాను. మూడు కంప్యూటర్లలో ఇప్పటికీ అలాగే ఉంది. ప్రింటరు తగిలించిన నాలుగోదాంట్లోనే తిరిగి తెరిచాను, 100తోనే.