నాబ్ లేని మిక్సర్‌తో నా కాపురం

మైకుల ధ్వనిని కలిపి సర్దే నా మిక్సర్ పెట్టె మీద చేతితో తిప్పగలిగే నాబ్ ఒకే ఒక్కటి ఉంది. అది హెడ్‌ఫోన్‌ది. పదహారు మైకుల వ్యవహారమంతా ట్యాబ్‌లో, వైఫై మీద నడవాలి. 2019లో నేను కొన్న డిజిటల్ మిక్సర్ ఎలా ఉందని ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెబుతాను. కరోనా కాలంలో మూలన పడుకుంది కానీ, మిగతా రోజులన్నీ ముహూర్తాలకూ జాతరలకూ నాతో తిరిగింది. కంపెనీ పేరు రాయను. ఇదే పద్ధతిలో చేసిన పెట్టెలు ఇంకా అమ్ముతున్నారు.

మాది తిరుపతిలో చిన్న మైకు సెట్టు. పెళ్లిళ్లలో నాదస్వరం, కల్యాణ మండపాల్లో అన్నమయ్య కీర్తనలు, ఎండాకాలం వస్తే చంద్రగిరి, పాకాల వైపు పల్లెల్లో మహాభారతాన్ని హరికథగా, వేషాలతో జరిపే భారత ఉత్సవాలు. పాత అనలాగ్ మిక్సర్‌తో పని చేసేటప్పుడు వేదిక నుంచి జనం వెనకదాకా మైకుల తీగలన్నీ ఒకే తొడుగులో ఉండే లావుపాటి స్నేక్ కేబుల్ పరిచేవాళ్లం. యాభై మీటర్ల చుట్ట, ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఆ బరువు తప్పుతుందన్న ఆశతోనే దీన్ని కొన్నాను. పెట్టెను వేదిక పక్కన పెట్టి, ట్యాబ్ పట్టుకుని ఎక్కడైనా తిరగవచ్చని అమ్మిన వాళ్లు చెప్పారు.

నిజమే, తిరగవచ్చు. జనం రానంతవరకు.

దీని ధ్వనికి వంక పెట్టను. పాత మిక్సర్‌లో మూడు నాబ్‌లతో సర్దుకున్న చోట ఇక్కడ ప్రతి అవుట్‌పుట్‌కూ ధ్వనిని మందరం నుంచి తారం దాకా 31 భాగాలుగా విడివిడిగా సర్దే ఈక్వలైజర్ ఉంది. మృదంగం ముందు కూర్చునే గాయకుడి దగ్గరికే వెళ్లి, ఆయన పాట ఆయనకే వినిపించే స్పీకర్‌ను (మానిటర్) ఆయన చెవి దగ్గరే సరిచేయవచ్చు. భారత ఉత్సవాల్లో పద్దెనిమిది రోజులూ హరికథ చెప్పేది ఒకే భాగవతార్ అయితే, మొదటి రోజు కుదిరిన అమరికను దాచుకుని మర్నాడు ఒక్క వేలితో తెచ్చుకోవచ్చు. ఆ సుఖం పాత దానిలో లేదు. అందుకే ఇన్నాళ్లూ దీన్ని అమ్మలేదు.

చిక్కంతా లోపల బిగించిన వైఫైతోనే. అది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్‌లో మాత్రమే పనిచేస్తుంది. ఆ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగిన చానళ్లు మూడే: 1, 6, 11. మధ్యాహ్నం ఖాళీ మైదానంలో పరీక్షిస్తే చివరి చింతచెట్టు దాకా అందుతుంది. సాయంత్రానికి వెయ్యి మంది కూర్చుంటారు, ప్రతి జేబులో ఒక ఫోను. వాటిలో ఎన్నో అదే బ్యాండ్‌లో నెట్‌వర్క్ కోసం వెతుకుతూనే ఉంటాయి. యూట్యూబ్ కుర్రాళ్లు చొక్కాకు తగిలించుకునే చిన్న వైర్‌లెస్ మైకుల్లో చాలావరకు అక్కడే పనిచేస్తాయి. ఇది చాలదన్నట్టు మనిషి ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీరే, ఆ తరంగాలను నీరు బాగా పీల్చేస్తుంది. పెట్టె ఉండేది వేదిక పక్కన, మోకాలి ఎత్తులో. దాని యాంటెన్నాకూ నా ట్యాబ్‌కూ మధ్య ఒక మనుషుల గోడ. అంటే ఎప్పుడు చేతికి అందాలో సరిగ్గా అప్పుడే అందకుండా పోయేలా తయారైన యంత్రం ఇది. గీసిన ఇంజనీరు ఒక్క జాతర చూసి ఉంటే ఇలా చేసేవాడు కాదు.

కొన్న తర్వాత వచ్చిన మొదటి భారతంలోనే తెలిసివచ్చింది. ఆ రోజు అర్జున తపస్సు. వేషధారి పద్యాలు పాడుతూ తపసు మాను అనే ఎత్తయిన స్తంభం ఎక్కుతున్నాడు. కింద సంతానం కోరి మొక్కుకున్న ఆడవాళ్లు తడి చీరలతో సాగిలపడి ఉన్నారు, ఆయన పైనుంచి విసిరే నిమ్మపండ్ల కోసం ఊరంతా మెడలెత్తి చూస్తోంది. ఆయన గొంతుకు తగిలించిన మైకు పైకి వెళ్లేకొద్దీ హారన్ల ఎత్తుకు చేరింది. సన్నగా కుయ్‌మంది. తగ్గిద్దామని ట్యాబ్ మీద వేలు పెడితే ఫేడర్, అదే ధ్వనిని పెంచి తగ్గించే జారుడు మీట, కదలలేదు, సంబంధం తెగిపోయిందన్న బొమ్మ తిరుగుతోంది. వైఫై పోతే ధ్వని ఆగదు, చివరి అమరికలోనే నడుస్తుంది. పాటకు అది మేలే కానీ, కూత మొదలైతే అదే శాపం. జనాన్ని తోసుకుంటూ పెట్టె దగ్గరికి పరుగెత్తాను. అక్కడ ఏముంది? హెడ్‌ఫోన్ నాబ్. ఆఖరికి ఆంప్లిఫయర్‌నే తగ్గించాను. పద్యం గాలిలో కలిసిపోయింది.

“ఏమి నాయనా, అర్జునుడికి శివుడు ప్రత్యక్షమయ్యేలోగా నీ మైకు ప్రత్యక్షమవుతుందా?” అన్నారు కమిటీ పెద్ద ఒకాయన. ఆ మాట ఆ ఊళ్లో ఇప్పటికీ నడుస్తోంది.

హరికథ పగటిపూట. మే నెల ఎండ. ట్యాబ్‌తో వచ్చిన కాగితంలోనే 35 డిగ్రీల లోపు వాడమని ఉంది. మాకు ఆ నెలలో పొద్దున పదింటికే అది దాటుతుంది. రెండుసార్లు వేడెక్కి దానంతట అదే ఆరిపోయింది. ఆరనప్పుడు అద్దంలో నా ముఖమే కనిపిస్తుంది, ఫేడర్లు కనిపించవు. చెమట వేలు పెడితే ఒకసారి కదలదు, ఇంకోసారి ఎగిరిపడుతుంది. భాగవతార్ వచనం లోగొంతులో చెప్పి, పద్యం అందుకోగానే గొంతు ఎత్తుతారు, మధ్యలో చిరతలు మోగుతాయి. వేలు ఫేడర్ మీదే ఉండి, కళ్లు ఆయన పెదవుల మీద ఉండాలి. గాజు పలక మీది నుంచి కళ్లు తీస్తే వేలు ఎక్కడుందో తెలియదు.

కరెంటు సంగతి ఒక్క మాటలో చెబుతాను. జనరేటర్‌కు మారేటప్పుడు కరెంటు రెప్పపాటు పోయినా ఇది మళ్లీ మొదటి నుంచి లేస్తుంది, ఆపైన ట్యాబ్ దాన్ని వెతుక్కోవాలి. పాతది అక్కడికక్కడే పలికేది. చిన్న యూపీఎస్ పెట్టాక ఆ బాధ తీరింది.

వైఫైకి విరుగుడు వెతకడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. మొదట 5 గిగాహెర్ట్జ్ రూటర్ కొని, మిక్సర్‌కు లాన్ (నెట్‌వర్క్) తీగతో కలిపి, వెదురు గడకు కట్టి తలల కంటే పైకి ఎత్తాను. చాలావరకు కుదిరింది. ఒకసారి మాత్రం మా కుర్రాడు తీగ గుచ్చుతూ, వైఫైకీ లాన్‌కూ మధ్య మార్చే గోరంత మీటను తగిలి జరిపేశాడు. ఏం జరిగిందో తెలియక పావుగంట తల పట్టుకున్నాం. ఇప్పుడు ఆ మీట మీద టేపు అంటించి ఉంటుంది. ఆ తర్వాత పెద్ద జాతరలకు గాలిని నమ్మడమే మానేశాను. వేదిక నుంచి నా బల్ల దాకా లాన్ తీగ, చివర ల్యాప్‌టాప్, పక్కన ఫేడర్లున్న చిన్న యూఎస్‌బీ పలక. తీగ మోయకూడదని కొన్న దానికి తీగ, చేత్తో తాకడానికి వేరే ఫేడర్లు. ఈ ఖర్చంతా కలిపితే అప్పట్లోనే ఫేడర్లున్న డిజిటల్ మిక్సర్‌కు చాలా దగ్గరగా వచ్చేవాణ్ని.

రెండు వందల మంది పట్టే ఏసీ హాలులో వీణ, వయోలిన్ కచేరీలు చేసేవారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు, రూటర్ మాత్రం అదే రోజు కొనాలి. భజన మందిరాలకూ బాగుంటుంది. ఆరుబయట, ఎండలో, జాతరలో పని చేసేవారు వాడకండి. తప్పనిసరైతే ఒక పని చేయండి: మిక్సర్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య చేతికందే ఫేడర్లున్న చిన్న అనలాగ్ మిక్సర్ ఒకటి పెట్టుకోండి. కూత పుడితే గొంతు నొక్కడానికైనా పనికొస్తుంది.

వచ్చే వారం పాకాల దగ్గర భారతం మొదలవుతుంది. లాన్ తీగకు కొత్త కొనలు వేయించాను. వెదురు గడ కూడా బండి ఎక్కింది. స్నేక్ కేబుల్ చుట్టనూ పాత మిక్సర్‌నూ దించమని మావాళ్లు అడిగారు. దించనివ్వలేదు.