గ్రీనిష్ వార్బ్లరా, బ్లైత్స్ రీడ్ వార్బ్లరా: రంగును నమ్మడం మేలా, అరుపును నమ్మడం మేలా?

వానలు వెనకబట్టే రోజుల నుంచి ఏప్రిల్ దాకా మన తోటల్లో, చెరువుగట్ల పొదల్లో తిరిగే వలస పిట్టల్లో ఈ రెండూ చాలా మామూలువే అయినా, ఒకదాన్ని చూసి మరొకటనుకునేవారు ఎక్కువ. రెండూ పిచ్చుక కన్నా చిన్నవి, రెండూ ఆకుల చాటునే పురుగులు ఏరుకుంటాయి. వీటిని పోల్చుకోవడానికి అరుపే మేలని నా గట్టి నమ్మకం.

పుస్తకాల్లో రంగు తేడా స్పష్టంగానే ఉంటుంది: గ్రీనిష్ వార్బ్లర్ వీపు పసుపు కలిసిన మాసిన ఆకుపచ్చ, రెక్క మీద సన్నని లేత గీత, రెండోది గీతలేమీ లేని మట్టిరంగు పిట్ట. అయితే వేపకొమ్మల నీడలో మట్టిరంగు కూడా పచ్చగానే అగుపిస్తుంది, ఫోటో తీసినా ఆ పచ్చదనం అందులోకి వస్తుంది. పైగా ఈకలు అరిగేకొద్దీ రెక్క గీత మాసిపోయి, చలికాలం చివరికి కొన్నింటిలో కనిపించనే కనిపించదు.

అరుపుకు ఈ చిక్కులు లేవు. గ్రీనిష్ వార్బ్లర్‌ది రెండు మాత్రలుగా సాగే పదునైన "చిస్-వీ"; చలికాలంలో కూడా తన హద్దులోకి మరో పిట్టను రానీయదు కనుక ఆ అరుపు పదేపదే వినిపిస్తుంది. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్‌ది రెండు గులకరాళ్లు తట్టినట్టుండే పొడి "చక్", ఆగి మళ్లీ "చక్". ఈ పిట్టను 1849లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఎడ్వర్డ్ బ్లైత్ కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూసేవాడు.

పిట్ట నోరు విప్పనప్పుడు రంగు కన్నా నడవడికే ఎక్కువ సాయపడుతుంది. గ్రీనిష్ వార్బ్లర్ చింత, మామిడి గుబుర్లలో పైపైన రెక్కలు విదిలిస్తూ క్షణం నిలకడ లేకుండా తిరుగుతుంది; రెండోది ఎక్కువగా లాంటానా వంటి పొదల్లో కిందుగా పాకుతుంది, అప్పుడప్పుడు చెట్టెక్కినా తొందరపడదు. దగ్గరగా కనబడితే కంటిపై లేతగీతను చూడాలి: గ్రీనిష్ వార్బ్లర్‌కు అది కన్ను దాటి వెనక్కు బారుగా సాగుతుంది, రెండోదానికి ముక్కుకూ కంటికీ మధ్యనే తేటగా ఉండి, కన్ను దాటాక మసకబారుతుంది. ఫోటో అక్కరకు వచ్చేది ఈ గీత కోసమే.