పాలంలో నాన్నగారి మిగ్, మహిపాల్‌పూర్‌లో మా లాడ్జి

1,868 రూపాయలు. నవంబరు 2025లో ఢిల్లీ వెళ్ళినప్పుడు మహిపాల్‌పూర్‌లోని ఒక లాడ్జి వాడు మా దగ్గర అన్యాయంగా పట్టిన సొమ్ము ఇది. ఈ యాత్రలో మాకు దక్కిన ఆనందం అంతా పాలం ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో దొరికింది, దానికి ఒక్క రూపాయి కూడా టికెట్టు లేదు. రెండింటి గురించీ రాయాలనిపించింది. నా తరువాత వెళ్ళేవారైనా ఒక దాన్ని తప్పించుకుని, రెండవ దానికి రోజంతా కేటాయిస్తారని నా ఆశ.

మా నాన్నగారు వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం రెక్కలూ చక్రాలూ చూసుకునే మెకానిక్‌గా పనిచేశారు. 1969లో తెనాలి నుంచి వెళ్ళి చేరారు, బెంగళూరు జాలహళ్ళిలో శిక్షణ పొందారు, ఆ తరువాత ఎక్కువ కాలం మిగ్-21 యుద్ధ విమానాల మీదే ఉన్నారు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో ఆ విమానాలకు వీడ్కోలు పలుకుతుంటే ఆయన టీవీ ముందు నుంచి కదలలేదు, అన్నం చల్లారిపోయినా పట్టించుకోలేదు. 1963లో వచ్చిన విమానం 62 ఏళ్ళు పనిచేసి సెలవు తీసుకుంది. ఆ రాత్రి ఆయన నాతో, "ఒక్కసారి దాన్ని దగ్గరగా చూసి రావాలిరా" అన్నారు. ఆయనకు 75 ఏళ్ళు, మోకాళ్ళు బాగా లేవు. నేనూ, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయీ తోడు వెళ్ళాం. విజయవాడ నుంచి రైలు ప్రయాణం ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయింది.

ఇబ్బంది అంతా లాడ్జి దగ్గర మొదలైంది. పాలానికి దగ్గరగా ఉంటుందని మహిపాల్‌పూర్‌లో గది తీసుకున్నాను. రోజుకు 1,950 చొప్పున రెండు రాత్రులకు 3,900 రూపాయలు ముందే ఆన్‌లైన్‌లో కట్టాను. ముగ్గురమని, పెద్దాయన ఉన్నారని, లిఫ్టు కావాలని రాసే కట్టాను. మంగళవారం రాత్రి 9 గంటలు దాటాక చేరుకునేసరికి లిఫ్టు తలుపుకు తాళం వేసి ఉంది, గది మూడో అంతస్తులో ఉంది. కింద గది ఇమ్మని అడిగితే లేదన్నారు. నాన్నగారు మెట్ల కమ్మీ పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా ఆగుతూ, ఒక్క మాట అనకుండా ఎక్కారు. ఆయన మౌనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

గదిలో గీజరు స్విచ్చి వేస్తే ఎర్ర దీపం వెలిగేది, నీళ్ళు మాత్రం వేడెక్కేవి కావు. ఢిల్లీ పొగమంచులో అప్పటికే దగ్గుతున్న మనిషి చన్నీళ్ళతో స్నానం చేయాల్సి వచ్చింది. బకెట్టు వేడినీళ్ళు కావాలంటే 50 రూపాయలు ఇవ్వాలని కుర్రవాడు చెప్పాడు, ఇచ్చాను. గురువారం ఉదయం ఖాళీ చేస్తున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. మూడో మనిషికి అదనపు పరుపు పేరుతో రాత్రికి 700 చొప్పున 1,400, పన్ను కింద 468, మొత్తం 1,868 కట్టమన్నారు. నేను కట్టిన రసీదులో ముగ్గురమని స్పష్టంగా ఉంది, పన్ను కలిపిన మొత్తమనీ ఉంది. పైగా ఆ 468 రూపాయలు 3,900కి సరిగ్గా 12 శాతం, అలాంటి గదుల మీద పన్ను అప్పటికి రెండు నెలల క్రితమే 5 శాతానికి తగ్గింది. ఈ లెక్క చెప్పినా కౌంటరులో మనిషి వినలేదు, మా ఆధార్ కార్డులు తిరిగి ఇవ్వకుండా సొరుగులోనే ఉంచుకున్నాడు. కార్డులు లేకుండా కదలలేం కాబట్టి కట్టక తప్పలేదు.

అప్పుడు నాన్నగారు ముందుకు వచ్చి, హిందీలో, గొంతు పెంచకుండా, "డబ్బు తీసుకున్నావు కదా, ఎందుకు తీసుకున్నావో రాసి, కింద నీ పేరు రాసి సంతకం పెట్టు" అని అడిగారు. వాడు పెట్టలేదు. ఆయన అయిదు నిమిషాల పాటు కాగితం చాపి అలాగే నిలబడ్డారు. ఆ కాగితం ఆయనకు ఎందుకంత ముఖ్యమో అంతకు ముందు రోజు పాలంలో మాకు తెలిసింది కాబట్టి నేను ఆయన్ని తొందరపెట్టలేదు.

పాలం మ్యూజియం సోమ, మంగళవారాలు మూసి ఉంటుంది, మిగతా రోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు చూడవచ్చు. గుర్తింపు కార్డు తప్పనిసరి. మహిపాల్‌పూర్ నుంచి ఆటోకు 150 ఇచ్చాం. లోపలి హాలులో చిన్న విమానాలు, బయట ఆరుబయట పెద్ద విమానాలు ఉంటాయి. అక్కడి వాపిటి అనే, రెక్కలు రెండు అంతస్తులుగా ఉన్న విమానం చూస్తే మన వైమానిక దళం ఎక్కడ మొదలైందో అర్థమవుతుంది, 1933 ఏప్రిల్ 1న కరాచీలో ఏర్పడిన మొదటి స్క్వాడ్రన్‌కు ఉన్నవి నాలుగే వాపిటీలు. నాట్ అనే యుద్ధ విమానం ఎంత చిన్నదో పక్కన నిలబడితే గానీ తెలియదు. 1971 డిసెంబరు 14న శ్రీనగర్‌లో ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ శత్రువుల బాంబులు రన్‌వే మీద పడుతుండగా ఇలాంటి బుడ్డ విమానంలోనే పైకి లేచి పోరాడి ప్రాణం ఇచ్చాడు. వైమానిక దళంలో పరమవీర చక్ర పొందినది ఇప్పటికీ ఆయన ఒక్కడే. మా అబ్బాయి అక్కడి వరకు ఫోను చూస్తూనే నడిచాడు, అక్కడ ఫోను జేబులో పెట్టాడు.

బయటి ఆవరణలో లిబరేటర్ బాంబరు ముందు నాన్నగారు చాలాసేపు ఆగారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక వెళ్ళిపోతున్న బ్రిటిష్ వాళ్ళు ఈ విమానాలు ఎవరికీ పనికిరాకూడదని కాన్పూరులో పగలగొట్టి, ఇంజన్లలో ఇసుక పోసి వదిలేశారు. మన వాళ్ళు వాటినే ఏరి, ఒక దాని భాగం మరొక దానికి అతికించి, ఎగరగలిగే స్థితికి తెచ్చారు. బెంగళూరు విమాన కర్మాగారం హెచ్.ఏ.ఎల్. పైలట్ జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా కాన్పూరు నుంచి బెంగళూరుకు నడుపుకొని వెళ్ళాడు. అలా బతికి బట్టకట్టినవి 1968 చివరి వరకు సేవ చేశాయి. తాను చేరేనాటికి అవి లేవు గానీ, వాటి మీద చేసిన సీనియర్లు చెప్పిన కథలే తనకు మొదటి పాఠాలని నాన్నగారు అన్నారు.

సి-119 ప్యాకెట్ దగ్గర ఇంకో సంగతి చెప్పారు. రెండు పిస్టన్ ఇంజన్ల ఆ రవాణా విమానం హిమాలయాల పలుచని గాలిలో బరువు మోయలేకపోతే, దాని నెత్తి మీద ఒక చిన్న జెట్ ఇంజన్ బిగించారు. ఆ దన్నుతోనే 1962 జులైలో లడఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో, 16 వేల అడుగులకు పైన, మట్టి నేల మీద ఒక ప్యాకెట్ దిగి మళ్ళీ లేచింది. దాని అవతల ఉన్న ఆంటొనోవ్-12ని మాత్రం నాన్నగారు మౌనంగా చూశారు. 1971లో ఈ రవాణా విమానాలనే బాంబర్లుగా మార్చి, వెనక తలుపు తెరిచి, చట్రాల మీద పేర్చిన బాంబులను తోసి పాకిస్తాన్‌లోని చాంగా మాంగా అడవిలో ఉన్న శత్రువు మందుగుండు నిల్వల మీద వేశారు. ఇదే రకం విమానం ఒకటి 1968 ఫిబ్రవరి 7న 102 మందితో చండీగఢ్ నుంచి లేహ్ వెళ్తూ మంచుకొండల్లో మాయమైతే, ఆ కొండల్లోంచి 2024లో కూడా మృతదేహాలు బయటపడ్డాయి. నాన్నగారు దళంలో చేరతానన్నప్పుడు నాయనమ్మ అన్నం మానడానికి ఆ వార్తే కారణమని నాకు ఆ రోజే తెలిసింది.

మిగ్-21 దగ్గరికి వచ్చేసరికి పన్నెండున్నర అయింది. అక్కడ ఉన్నది ఎఫ్.ఎల్. రకం. దళంలో దాన్ని అందరూ టైప్-77 అనేవారట, నాన్నగారు కూడా ఆ పేరుతోనే పలకరించినట్టు "సెవెంటీ సెవెన్" అన్నారు. చెప్పుల చప్పుడు కూడా కాకుండా ముక్కు దగ్గర నుంచి తోక దాకా ఒక చుట్టు తిరిగారు. తరువాత వంగలేని మోకాళ్ళతోనే వంగి, రెక్క కిందికి తల పెట్టి, ఒక ప్యానెల్ అంచు వెంట వరుసగా ఉన్న మరల మీద వేలు ఆనిస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. చివరి మర మీద వేలు ఆపి, "అన్నీ ఉన్నాయి" అన్నారు. వేలి కొనకు అంటిన దుమ్మును తుడుచుకోలేదు.

అక్కడే, చెట్టు నీడలో కూర్చుని, ఆయన మాకు ఫారం 700 గురించి చెప్పారు. ప్రతి విమానానికీ ఆ పేరుతో ఒక పుస్తకం ఉంటుంది. విమానం ఎగరబోయే ముందు ఇంజన్ చూసినవాడు, రెక్కలూ చక్రాలూ చూసినవాడు, విద్యుత్తు చూసినవాడు, ఆయుధాలు చూసినవాడు వేరువేరుగా అందులో సంతకాలు పెట్టాలి, వాటన్నిటి తరువాత పైలట్ సంతకం పెట్టి విమానాన్ని తీసుకుంటాడు. పనిముట్ల పలక మీద ఒక్కొక్క పనిముట్టు ఆకారం రంగుతో గీసి ఉంటుంది. సాయంత్రం ఒక్క ఆకారం ఖాళీగా కనిపించినా ఆ విమానం లేవదు. ఒకసారి ఒక చిన్న స్క్రూడ్రైవర్ కోసం పదకొండు మంది టార్చిలైట్లతో రాత్రి ఒంటిగంట దాకా వెతికితే, అది ఒకరి ఓవరాల్ అస్తరు చిరుగులోకి జారిపోయి కనిపించిందట. ఆ రాత్రి మెస్ మూసేశారు, ఇంటి నుంచి వచ్చిన గోంగూర పచ్చడితో రొట్టెలు తిని పడుకున్నామని చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది.

1971 డిసెంబరులో ఆయనకు 21 ఏళ్ళు, గౌహతిలో ఉన్నారు. డిసెంబరు 14న అక్కడి నుంచి లేచిన మిగ్-21లు ఢాకాలో తూర్పు పాకిస్తాన్ గవర్నర్ నివాసం మీద 57 మిల్లీమీటర్ల రాకెట్లు పేల్చాయి. లక్ష్యం చివరి నిమిషంలో మారింది, దాడికి నాయకత్వం వహించిన వింగ్ కమాండర్ బిష్ణోయ్ చేతిలో ఉన్నది యాత్రికులు వాడే ఢాకా పటం మాత్రమే. గవర్నర్ మాలిక్ ఆ రోజే రాజీనామా రాశాడు, రెండు రోజులకు యుద్ధం ముగిసింది. ఏ విమానం ఎక్కడికి వెళ్ళిందో తమకు అప్పట్లో ఎవరూ చెప్పలేదని, వెళ్ళినవన్నీ తిరిగి వచ్చాయా లేదా అన్నది మాత్రం నేల మీద నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవారమని ఆయన చెప్పారు.

ఈ విమానాన్ని "ఎగిరే శవపేటిక" అన్న పత్రికల మీద ఆయనకు ఉన్న కోపం చిన్నది కాదు. ప్రమాదాలు చాలా జరిగాయి, ఆయన కాదనరు, తన ఫారం మీద సంతకం పెట్టి వెళ్ళి తిరిగి రాని ఒక కుర్ర పైలట్ గురించి ఇప్పటికీ మాట్లాడలేరు. అయితే దుండిగల్, హకీంపేటల్లో నెమ్మదైన కిరణ్ విమానాల మీద నేర్చుకున్న పిల్లలను, మధ్యలో మరో మెట్టు లేకుండా, గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో నేలకు దిగే విమానంలో కూర్చోబెట్టారన్నది ఆయన వాదన. ఆ మధ్య మెట్టు అయిన హాక్ శిక్షణ విమానం బీదర్‌కు వచ్చింది 2008లో, అంటే మిగ్-21 వచ్చిన 45 ఏళ్ళకు. అందుకే తప్పంతా విమానం మీద వేయడం న్యాయం కాదని నాకూ అనిపించింది.

మ్యూజియానికి రెండు గంటలు చాలని చెప్పేవారి మాట నమ్మకండి. మాకు ఆరు గంటలు పట్టింది. పెద్దవాళ్ళతో వెళ్తే మడత కుర్చీ, నీళ్ళు, టోపీ తీసుకెళ్ళండి. పాత వైమానిక దళ ఉద్యోగి ఎవరైనా మీ ఇంట్లోనో వీధిలోనో ఉంటే ఆయన్ని తప్పక వెంట తీసుకెళ్ళండి, బోర్డుల మీద రాసినదానికి పదింతలు తెలుస్తుంది. బస మాత్రం మహిపాల్‌పూర్‌లో వద్దు. ఇంకో 1,000 రూపాయలు ఎక్కువైనా కరోల్‌బాగ్ వైపు ఉండి మెట్రోలో రావడం మేలు. ఎక్కడ దిగినా ఆధార్ కార్డు అసలుది కౌంటరులో వదలకండి, చూపించి వెనక్కి తీసుకోండి.

గురువారం లాడ్జి నుంచి బయటపడ్డాక ఇండియా గేట్ దగ్గర జాతీయ యుద్ధ స్మారకం చూశాం, ప్రవేశం ఉచితం. మధ్యాహ్నం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో వేడి అన్నంలో పప్పూ, నెయ్యీ కలుపుకున్నాక గానీ నాన్నగారు లాడ్జి మెట్ల గురించి మాట్లాడలేదు. "ఆ లిఫ్టు చూసినవాడు ఎక్కడా సంతకం పెట్టి ఉండడు" అన్నారు. లాడ్జి మీద బుకింగ్ వాళ్ళకు రసీదులు జతచేసి ఫిర్యాదు పంపాను. మూడు వారాల తరువాత 1,400 తిరిగి వచ్చాయి, 468 రాలేదు.

తిరుగు ప్రయాణంలో నాగపూర్ దాటాక మా అబ్బాయి, అంత వేగంతో దిగే మిగ్ ఎలా ఆగుతుందని అడిగాడు. తోక దగ్గర నుంచి పారాచూట్ విచ్చుకుంటుందని, దాన్ని రన్‌వే మీద నుంచి ఏరుకొచ్చి ఆరబెట్టి మళ్ళీ మడవాలని చెప్పి, నాన్నగారు రైలువాళ్ళు ఇచ్చిన దుప్పటిని కింది బెర్తు మీద పరిచారు. కుచ్చిళ్ళు పెట్టినట్టు వరుసగా మడుస్తూ, ప్రతి మడతనూ అరచేతి అంచుతో నొక్కుతూ, "గాలి మిగలకూడదు, తాడు మెలిక పడకూడదు" అన్నారు. రెండవ సారి మా అబ్బాయి మడిచాడు. ఒక మడత వంకరగా వచ్చిందని ఆయన మొత్తం విప్పించి మళ్ళీ మొదటి నుంచి మడిపించారు. దుప్పట్లు తీసుకెళ్ళే కుర్రవాడు వచ్చి, మూడవ సారి పూర్తయ్యేదాకా పక్కనే నిలబడి చూశాడు.